పెద్ద అంకె కాదు, 12 వోల్టుల గడి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్త కంప్యూటర్ కొనేవారి కోసం మీ పత్రికలో వచ్చే వ్యాసాలను క్రమం తప్పకుండా చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉండాలి, ర్యామ్ ఎంత కావాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు మేలు అన్న విషయాలను వాటిలో ఓపికగా వివరిస్తారు. కానీ వీటన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై గురించి, మనందరం ఎస్‌ఎంపీఎస్ అని పిలుచుకునే ఆ ఇనుప డబ్బా గురించి, చాలాసార్లు ఒక్క వాక్యమైనా ఉండదు. ఆ ఒక్క వాక్యం తెలియక మా ఇంట్లో ఏడాది పాటు పడిన అవస్థ వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మాయి డెస్క్‌టాప్ మామూలు పనులు చేసుకున్నంతసేపూ బాగానే ఉండేది. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ తెరిచి పని మొదలుపెట్టిన కాసేపటికే ఉన్నట్టుండి ఆరిపోయేది. వైరస్ అన్నారు, విండోస్ మళ్లీ వేశారు, ర్యామ్ మార్చారు, ఆఖరికి మదర్‌బోర్డే పోయిందన్నారు. చివరికి ఈ పని తెలిసిన మిత్రుడొకరు వచ్చి, క్యాబినెట్ పక్క రేకు తీసి, పవర్ సప్లై లేబుల్ మీద టార్చి వేసి చూపించారు. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే వచ్చేది 168 వాట్లే. ఆ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు 120 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్లు తీసుకునేవి. ఇక ఫ్యాన్లకు, హార్డ్ డిస్కుకు మిగిలేది ఏముంది?

మిగతా వాట్లన్నీ ఎక్కడికి పోయాయంటే, 5 వోల్టులు, 3.3 వోల్టుల గడుల్లోకి. ఒకప్పటి కంప్యూటర్లలో ప్రాసెసర్ కూడా 5 వోల్టుల లైను మీదే నడిచేది కాబట్టి ఆ పంపకం అప్పట్లో సబబే. ఇప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు పూర్తిగా 12 వోల్టుల మీదే ఆధారపడతాయి. అందుకే మంచి పవర్ సప్లై లేబుల్ మీద 12 వోల్టుల గడిలోని వాట్లు మొత్తం రేటింగుకు దాదాపు సమానంగా కనిపిస్తాయి. అలా కనిపించకపోతే, పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా నమ్మవలసిన పనిలేదని నా గట్టి అభిప్రాయం.

రెండో అపోహ పవర్ సప్లైల మీద కనిపించే ఎయిటీ ప్లస్ గుర్తు గురించి. 2004లో మొదలైన ఈ ధ్రువీకరణ చూసేది ప్రధానంగా గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం కంప్యూటర్‌కు చేరుతుందన్నదే. అందులోని స్థాయిల్లో, సగం లోడు మీద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం ఉండాలి. అంటే కంప్యూటర్‌కు 300 వాట్లు కావలసి వస్తే బ్రాంజ్ సుమారు 353 వాట్లు, గోల్డ్ సుమారు 333 వాట్లు లాగుతాయి. తేడా అంతా వేడిగా పోతుంది. ఇది పనికొచ్చే సమాచారమే. అయితే వోల్టేజీ ఎంత నిలకడగా ఉంటుంది, షార్ట్ సర్క్యూట్ అయినా లోడు మితిమీరినా తనంతట తాను ఆగిపోతుందా, లోపల చార్జ్‌ను నిలవచేసే కెపాసిటర్లు 105 డిగ్రీలకు తట్టుకునేవా 85 డిగ్రీలవా అన్నవి ఆ గుర్తు చెప్పదు. బంగారు రంగు స్టిక్కర్ చూసి నాణ్యతంతా అందులోనే ఉందనుకోవడం పొరపాటు.

ఎన్ని వాట్లు కావాలన్నది లెక్క కట్టడం పెద్ద కష్టమేమీ కాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠంగా తీసుకునే వాట్లను కూడి, మిగతా భాగాలకు మరో 50 నుంచి 75 వాట్లు కలిపి, దానిమీద మూడో వంతు అదనంగా ఉంచుకుంటే చాలామందికి సరిపోతుంది. ఈ అదనం ఎందుకంటే, గ్రాఫిక్స్ కార్డులు రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టని వ్యవధిలో తమ మామూలు వాడకానికి రెట్టింపు దాకా లాగగలవు. అందుకే పవర్ సప్లైల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, కొత్త తరహా గ్రాఫిక్స్ కనెక్టర్ ఉన్న పెద్ద పవర్ సప్లైలు రేటింగుకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు ఓర్చుకోవాలని చెప్పింది. అలాగని 300 వాట్ల కంప్యూటర్‌కు 1200 వాట్ల డబ్బా పెట్టమని నేను అనడం లేదు.

ఇంకొక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా అచ్చు వేయమని కోరుతున్నాను. ఊడదీసి పెట్టుకునే కేబుళ్లున్న పవర్ సప్లై మార్చినప్పుడు పాత కేబుళ్లను కొత్త దానికి తగిలించకూడదు. పిన్నులు చక్కగా దిగుతాయి గాని వాటిలో ఏ తీగ ఏ వోల్టేజీదన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వస్తే హార్డ్ డిస్కు, అందులోని ఫోటోలూ పత్రాలూ ఒక్క క్షణంలో పోతాయి. ప్లగ్ తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉండవచ్చు కాబట్టి, డబ్బాను ఇంట్లో విప్పడం అసలే తగదు.

ఇకమీదట మీరు ప్రచురించే కొనుగోలు వ్యాసాల్లో ప్రాసెసర్, ర్యామ్ పక్కనే పవర్ సప్లైకీ చోటివ్వండి. వీలైతే ఒక లేబుల్ ఫోటో వేసి, 12 వోల్టుల గడి చుట్టూ ఎర్ర గీత గీసి చూపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు