బండి నడిపిందెవరో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు దగ్గర 65వ జాతీయ రహదారిపై ప్రమాదం జరిగితే చాలు, ‘అతివేగం, నిర్లక్ష్యం’ అని రాసి వదిలేస్తున్నారు. నడిపినవాడి వయసెంత? లైసెన్సుందా? ఎన్ని గంటలుగా నిద్రలేదు? ప్రాణం పోతుందా, కాలు విరుగుతుందా అన్నది కొంతవరకు వీటిమీద కూడా ఆధారపడుతుంది. కునుకుపట్టినవాడు బ్రేకు తొక్కడు. బండి అదే వేగంతో పోయి ఆగి ఉన్న లారీని గుద్దుతుంది. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనే అంది. మా వైపు డీసీఎం (సరుకు వ్యాను) డ్రైవర్లు రాత్రంతా నడిపి, తెల్లారి మార్కెట్లో లోడు దించి, ఆ పూటే మళ్లీ స్టీరింగ్ పడుతున్నారు. వాళ్లను తిడితే ఏం లాభం, ఓనర్లను నిలదీయాలి. పదో తరగతి పిల్లలకు బైకు తాళాలిచ్చే తండ్రులకైతే మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పోలీసుల నివేదికల్లో, మీ వార్తల్లో ఈ వివరాలు తప్పక ఉండాలి.

– ఒక పాఠకుడు, నకిరేకల్, నల్లగొండ జిల్లా