నాచు మంచిదంటున్నారు సరే, అందులో అయోడిన్ ఎంతో కూడా రాయండి

సంపాదకులకు,

థైరాయిడ్‌కి సముద్రపు నాచు మంచిదని ఈమధ్య పేపర్లలో, యూట్యూబులో తెగ వస్తోంది. నేను విజయవాడ సత్యనారాయణపురంలో మెడికల్ షాపు నడుపుతున్నాను. అలాంటిది ఒకటి వస్తే చాలు, మర్నాడే "నాచు క్యాప్సూల్స్ ఉన్నాయా అండీ" అని అడగటం మొదలవుతుంది, అడిగేవాళ్లలో చాలామంది చేతిలో థైరాయిడ్ బిళ్లల చీటీ కూడా ఉంటుంది. నా భయం అంతా అక్కడే.

నాచులో అయోడిన్ ఉన్న మాట నిజం. 1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కూర్త్వా అయోడిన్‌ని కనిపెట్టిందే నాచు కాల్చిన బూడిదలో. అయోడిన్ లేకపోతే థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారుచేయలేదు, కడుపులో బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదు. కానీ మనకి కావలసింది చాలా కొంచెం, పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250. నాచు చూస్తే అన్నీ ఒక్కలా ఉండవు. జపాన్ వాళ్లు అన్నం చుట్టుకునే నోరి గ్రాములో సుమారు 16 మైక్రోగ్రాములు ఉంటే, కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచు రకాలు కొన్నింటిలో గ్రాముకి 2000 దాటుతుంది. అలాంటి పొడి అర గ్రాము వేసుకుంటే దాదాపు వారానికి సరిపడా అయోడిన్ ఒక్కపూటలో లోపలికి పోయినట్టే.

మొన్న ఒకావిడ ఆన్‌లైన్లో తెప్పించుకున్న డబ్బా తెచ్చి చూపించారు. ముందు వైపు ఆకుల బొమ్మ, వెనక కెల్ప్ పొడి 500 మిల్లీగ్రాములు అని రాసి ఉంది, అయోడిన్ ఎంతో మాత్రం డబ్బా మొత్తం తిప్పి చూసినా కనబడలేదు. ఆవిడ పరగడుపున యాభై పవర్ థైరాయిడ్ బిళ్ల, టిఫినయ్యాక ఇది, రెండూ వేసుకుంటున్నారట. "సహజమైందే కదండీ, ఏం చేస్తుంది" అన్నారు.

చేస్తుంది. అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే గ్రంథి హార్మోన్ తయారీని ఆపేస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కొన్ని రోజుల్లో మళ్లీ దారిలో పడుతుంది, కానీ హషిమోటో ఉన్నవాళ్లలో, అంటే సొంత రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేస్తున్నవాళ్లలో, అలా ఆగిపోయే ఉండొచ్చు, థైరాయిడ్ హార్మోన్ తక్కువైనప్పుడు రక్తంలో ఎక్కువయ్యే టీఎస్‌హెచ్ ఇంకా పెరుగుతుంది. అయోడిన్ సరిపడా అందే చోట్ల థైరాయిడ్ హార్మోన్ తక్కువవడానికి ముఖ్య కారణం ఈ హషిమోటోనే, అయోడిన్ లోపం కాదు. థైరాయిడ్‌లో గడ్డలున్నవాళ్లకైతే ఉల్టాగా హార్మోన్ పెరిగి గుండెదడ రావచ్చు. నాచుని తరతరాలుగా తింటున్న జపాన్‌లో కూడా, హొక్కైడో తీరంలో కొంబు అనే కెల్ప్ ఎక్కువ తిన్నవాళ్లకి గొంతు వాపు వచ్చింది.

మన ఇళ్లలో అయోడిన్ వచ్చే దారి ఉప్పు. 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ రామలింగస్వామి బృందం మొదలుపెట్టిన అధ్యయనంలో అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో గాయిటర్, అంటే ఆ గొంతు వాపు, తగ్గింది, 1962లో కేంద్రం దేశవ్యాప్త కార్యక్రమం పెట్టింది. ఇప్పుడు మన ఇంటికొచ్చే ఉప్పులో గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. మిగతాది పాలు, గుడ్లు, సముద్రపు చేపలు ఇస్తాయి, అందుకని ఉప్పు ఎక్కువ తినక్కర్లేదు. ఇంత సులువైనదాన్ని వదిలేసి సైంధవ లవణానికీ, బస్తాల్లో విడిగా అమ్మే కల్లుప్పుకీ మారిపోతున్నారు, "సముద్రపు ఉప్పే కదా, అయోడిన్ ఉంటుందిలే" అంటున్నారు. సముద్రపు ఉప్పులో దానంతట అదిగా ఉండే అయోడిన్ బహు తక్కువ, కలిపితేనే ఉంటుంది. ఆవకాయకి కల్లుప్పు వాడుకోండి, రోజూ కూరలో వేసేది మాత్రం ప్యాకెట్ మీద అయోడిన్ కలిపారని తెలిపే నవ్వుతున్న సూర్యుడి గుర్తు చూసి కొనండి. తెచ్చాక మూత పెట్టి, పొయ్యికి దూరంగా, తడి తగలకుండా పెట్టండి, దించే ముందు వేయండి.

మీకు నా విన్నపం, నాచు గురించి మీ ఆరోగ్యం పేజీలో రాసేటప్పుడు ఏ నాచు, గ్రాముకి ఎంత అయోడిన్, ఎవరు వాడకూడదు అన్నవి కూడా వేయండి. నాచు పొడులు అమ్మే ప్రతి డబ్బా మీదా రోజు మోతాదులో అయోడిన్ ఎన్ని మైక్రోగ్రాములో అచ్చు వేయాలని అధికారులకి కూడా మీ పేపరు ద్వారా చెప్పండి. ఇప్పటికే వాడుతున్న థైరాయిడ్ పేషెంట్లు డాక్టరు రాసిన బిళ్ల ఆపకుండా, ఆ నాచు డబ్బా కూడా పట్టుకెళ్లి డాక్టరుకి చూపించి, టీఎస్‌హెచ్ ఓసారి చూపించుకోండి.

ఒక మెడికల్ షాపు యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ