వార్షిక నివేదిక: ఈ ఏడాది మన కాలనీ చిన్నపిల్లలతో చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, వీధి దీపాలు, బోనాలు, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను: మన అంగన్‌వాడీకి వచ్చే మూడు నుంచి అయిదేళ్ల పిల్లల పరుగు, గెంతు, వేళ్ల పట్టు ఎలా ఉన్నాయో చూడటం.

మొదటిరోజు మాదే పొరపాటు. కమ్యూనిటీ హాల్లో నున్నటి టైల్స్ మీద, పెద్దలంతా చుట్టూ నిలబడి, ఒక్కొక్కరినీ పిలిచి ఒంటికాలితో గెంతమన్నాం. ఒక నాలుగేళ్ల బాబు వాళ్లమ్మ కొంగు వదల్లేదు. కాగితం మీద 'రాదు' అని రాశాం. ఆ సాయంత్రమే వాడు పార్కు మట్టిలో అక్క వెంట కుంటుకుంటూ, రెండో కాలు నేల తాకకుండా వేపచెట్టు దాకా వెళ్లాడు. ఆ కాగితం చించేశాం.

ఆ తర్వాత అంతా ఆటలోనే చూశాం. తొక్కుడుబిళ్ల గళ్లు గీస్తే గెంతూ నిలకడా రెండూ తెలిసిపోతాయి. పలక ఇస్తే మూడేళ్లవాళ్లు సాధారణంగా సున్నా చుడతారు, నాలుగేళ్లకు ప్లస్ గుర్తు వేస్తారు, త్రిభుజం అయిదేళ్లకు గానీ కుదరదు. ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు వేస్తూ ఎక్కడం మూడేళ్లకు వస్తుంది, అలా దిగడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఇవన్నీ అందాజు లెక్కలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన అధ్యయనంలో ఆసరా లేకుండా నడిచే వయసే 8 నెలల నుంచి దాదాపు 18 నెలల దాకా ఉంది. అందుకే ర్యాంకులు అడిగిన తల్లిదండ్రులకు ఇవ్వలేదు, ఇకముందూ ఇవ్వం.

అలాగని చూసీ చూడనట్టు వదిలేసే విషయం కాదిది. ఒక పాప చింతగింజలన్నీ ఎడమచేత్తోనే ఏరి గిన్నెలో వేసింది. ఇంట్లో ఎడమచేతివాటం అనుకున్నారట. కుడిచేతి గుప్పిట ఒక్కసారీ విప్పలేదని కనిపెట్టింది అంగన్‌వాడీ టీచరే. ఇప్పుడా పాప ఫిజియోథెరపీకి వెళ్తోంది; వాళ్లమ్మ రాయమంటేనే ఇది రాస్తున్నాను. ఒకవైపు చెయ్యో కాలో వాడకపోయినా, వచ్చిన పని మళ్లీ రాకుండా పోయినా, మాటిమాటికీ పడిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఎదుగుదలలో ఆలస్యం కూడా పరీక్షకు వచ్చే వైద్య బృందం చూసే వాటిలో ఉంది. బృందం వచ్చే రోజు పిల్లల్ని తప్పకుండా పంపండి.

పార్కంతా పేవర్ బ్లాకులు పరచాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశానికి వస్తోంది. నడకదారికి వేయిద్దాం. వేపచెట్టు కింది మూల మాత్రం మట్టిగానే ఉంచమని మిమ్మల్ని కోరుతున్నాను.

కార్యదర్శి