కొన్న సాఫ్ట్‌వేర్‌ను అద్దెకివ్వవచ్చో లేదో బిల్లు మీదే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో తొమ్మిదేళ్లుగా చిన్న వెబ్ హోస్టింగ్ వ్యాపారం చేస్తున్నాను. తాడిపత్రి బండల వ్యాపారులు, ధర్మవరం పట్టుచీరల దుకాణాలవారు, కొన్ని ప్రైవేటు పాఠశాలలు నా ఖాతాదారులు. వారి వెబ్‌సైట్లు, లెక్కల దస్త్రాలు బెంగళూరు డేటా సెంటరులో ఉంచిన నా సొంత సర్వర్ల మీద నడుస్తాయి. ఈ వృత్తిలో నాలాంటివారు తెలియకుండానే చేసే ఒక తప్పు గురించి, దాన్ని సులువుగా నివారించగల మార్గం గురించి మీ పత్రిక ద్వారా చెప్పదలచాను.

నాలుగేళ్ల కిందట ఒక డీలరు వద్ద, సర్వర్లను నడిపించే మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్ సాఫ్ట్‌వేరు లైసెన్సును, దానికి అవసరమైన యూజర్ లైసెన్సులతో సహా, జీఎస్టీ బిల్లుతో కొన్నాను. ఎందుకు కొంటున్నానో కూడా అప్పుడే చెప్పాను. ఏడాది తిరిగాక ఒక ఖాతాదారుడి ఆడిటరు లైసెన్సు కాగితాలు చూపమని అడిగినప్పుడు, మొదటిసారి ఆ నిబంధనలన్నీ కూర్చుని చదివాను. సాధారణ లైసెన్సుతో ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు వాణిజ్యపరంగా హోస్టింగ్ చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. నేను దొంగ కాపీ వాడలేదు, డబ్బు పూర్తిగా కట్టాను, బిల్లు భద్రంగా ఉంది. అయినా నిబంధన తప్పినవాణ్ణే అయ్యాను.

మన జిల్లావారికి ఈ తేడా చెప్పడం కష్టమేమీ కాదు. వ్యవసాయానికని ఉచిత కరెంటు తీసుకున్న బోరు నీళ్లను చీనీ తోటకు పారించుకుంటే ఎవరూ అడగరు. అవే నీళ్లను ట్యాంకర్లకు నింపి అమ్మితే అది వేరే కనెక్షను, వేరే రేటు. సాఫ్ట్‌వేరులోనూ సొంత కార్యాలయానికి వాడుకోవడం ఒకటి, ఊరందరికీ అద్దెకివ్వడం మరొకటి.

అద్దెకిచ్చేవారి కోసం మైక్రోసాఫ్ట్ సంస్థకు ఎస్‌పీఎల్ఏ అనే వేరే ఒప్పందం ఉంది. ఇందులో ముందుగా పెద్ద మొత్తం కట్టనక్కర్లేదు. ఏ నెలకు ఆ నెల ఎంత వాడకానికి ఇచ్చామో లెక్క తేల్చి, అధీకృత రీసెల్లరుకు నివేదిక పంపి, ఆ మేరకు చెల్లించాలి. వినడానికి న్యాయంగానే ఉంది కానీ లెక్క మాత్రం చిన్నవాడి కొలతకు సరిపోదు. విండోస్ సర్వర్‌కు ప్రాసెసరులో నాలుగే కోర్లు (పని చేసే భాగాలు) ఉన్నా కనీసం ఎనిమిదికి కట్టాలి. డేటాబేసు సాఫ్ట్‌వేరైన ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను కోర్ల లెక్కన తీసుకుంటే ఒక్కో వర్చువల్ మెషీనుకు (ఒకే సర్వరులో విడి కంప్యూటరులా నడిచే భాగానికి) కనీసం నాలుగు కోర్లకు కట్టాలి. ఇక లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీని ఇంటి నుంచి, దుకాణం నుంచి తెరుచుకునేలా రిమోట్ డెస్క్‌టాప్ ఇవ్వమని వ్యాపారులు అడుగుతారు. దానికి మనిషికొక లైసెన్సు అదనం. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ ఉచితమని దించుకుని, దాని మీదే ఖాతాదారుల లెక్కలు నడుపుతున్నవారిని నేనెరుగుదును. అది ప్రోగ్రాము తయారుచేసి పరీక్షించుకోవడానికే తప్ప అసలు పనికి వాడకూడదు.

విండోస్ బదులు ఉచిత లినక్సుకు మారిపోతే సరిపోతుంది కదా అని మిత్రులు అంటుంటారు. వెబ్‌సైట్ల వరకు నేను అదే చేశాను. జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వచ్చే లినక్స్, వర్డ్‌ప్రెస్‌లను ఎంతమందికి అద్దెకిచ్చినా ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. కానీ ట్యాలీ విండోస్ కోసం తయారైనది, కాబట్టి బండల వ్యాపారికి ఆ సలహా పనికిరాదు. పైగా సోర్సు కోడు (ప్రోగ్రాము రాసిన అసలు పాఠం) బయటపెట్టే సాఫ్ట్‌వేర్లలోనూ ఇదే ప్రశ్న వస్తోంది. ఏజీపీఎల్ అనే లైసెన్సు ఉన్న ప్రోగ్రామును మార్చి నెట్‌వర్కు మీద వాడకానికిస్తే, మార్చిన కోడును ఆ వాడకందారులకు అందుబాటులో ఉంచాలి. 2018లో మాంగోడీబీ అనే డేటాబేసు సంస్థ తెచ్చుకున్న ఎస్ఎస్‌పీఎల్ లైసెన్సు ఇంకా కఠినం: ఆ డేటాబేసునే సేవగా అమ్మేవాడు తన సేవను నడిపించే మొత్తం సాఫ్ట్‌వేరు కోడును బయటపెట్టాలి. హోస్టింగ్ ఖాతాలను నిర్వహించే సీప్యానెల్ సాఫ్ట్‌వేరు సంగతి వేరు. అద్దెకిచ్చుకోవచ్చు కానీ, 2019లో సర్వరుకింత అనే ధర పోయి ఖాతాల లెక్కన ధర వచ్చాక తక్కువ ధరకు ఎక్కువమందికి ఇచ్చేవాడే ఎక్కువ నష్టపోయాడు.

1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. బిల్లుతో కొని ఒప్పందం మీరినవాడికి ఇది ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదులు తేల్చాల్సిన మాట. ఈలోగా ఆడిటరు ముందు తల దించుకుని నిలబడేది మాత్రం మేమే.

నిబంధనలు సడలించమని నేను కోరడం లేదు. ఎవరి సాఫ్ట్‌వేరుకు వారు ధర పెట్టుకుంటారు. అయితే అమ్మే డీలరు, కొనుగోలుదారు హోస్టింగ్ చేస్తాడని తెలిసినప్పుడు, ‘ఇతరులకు సేవగా ఇవ్వడానికి చెల్లదు’ అనో ‘చెల్లుతుంది’ అనో బిల్లు మీద తెలుగులో ఒక్క వాక్యం రాయాలి. చిన్న వ్యాపారులకు అవగాహన సదస్సులు పెట్టే జిల్లా పరిశ్రమల కేంద్రం రుణాలు, రాయితీలతోపాటు ఈ విషయానికీ ఒక గంట కేటాయించాలి. నేను పాత లైసెన్సును సొంత కార్యాలయ సర్వరుకు మార్చుకుని, ట్యాలీ వాడే ఖాతాదారులను నెలవారీ ఒప్పందంలోకి తెచ్చాను. అద్దె పెరిగిందని ఇద్దరు వెళ్లిపోయారు. వారిద్దరూ వెళ్లింది ఇంకా పాత పద్ధతిలోనే నడుపుతున్న మరో చిన్న హోస్టింగువాడి దగ్గరికే. అతనికి ఈ సంగతి చెప్పాను, నమ్మలేదు. అతని బిల్లు మీద ఆ వాక్యం లేదు మరి.

ఇట్లు,
ఒక వెబ్ హోస్టింగ్ నిర్వాహకుడు,
అనంతపురం