ఆటిజం ట్రైనింగ్ ఎవరు ఇవ్వాలి? ఆరోగ్య మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండి. మాది నరసరావుపేట దగ్గర ఊరు, నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నా. మా తమ్ముడికి ఆటిజం, దాంతోపాటు మేధో వైకల్యం కూడా ఉంది, వాడు ఊళ్ళోనే అమ్మ దగ్గర ఉంటాడు.

అడిగేది ఒక్కటే. పీహెచ్‌సీ డాక్టర్లకి, నర్సులకి, ఏఎన్ఎంలకి, ఆశాలకి ఆటిజం మీద క్లాస్ చెప్పేవాళ్ళని ముందు సరిగ్గా తయారుచేసి, వాళ్ళు చెప్పేది కూర్చుని చూసి, సరే అనుకున్నాకే పంపండి. ఆ టీమ్‌లో ఆటిజం ఉన్న మనిషి ఒకరు, మేధో వైకల్యం ఉన్న మనిషి ఒకరు ఉండాలి, అదీ డబ్బులిచ్చి.

ఈ ఆలోచన ఎక్కడిదో చెప్తా. ఆలివర్ మెక్‌గోవన్ అని 18 ఏళ్ళ అబ్బాయి, ఆటిజం, ఫిట్స్, కొద్దిగా మేధో వైకల్యం. 2016లో బ్రిస్టల్‌లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, యాంటీ సైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకి వాడేవి) వాడికి పడవని ఆ అబ్బాయీ చెప్పాడు, అమ్మానాన్నా చెప్పారు, అయినా ఆ రకం మందే, ఒలాంజపిన్ ఇచ్చారు, అది వికటించి ఆ నవంబర్‌లోనే చనిపోయాడు. వాళ్ళమ్మ పౌలా గారు ఊరుకోలేదు. డాక్టర్లకి, నర్సులకి ఆటిజం, మేధో వైకల్యం మీద ట్రైనింగ్ తప్పనిసరి చేయాలని పిటిషన్ పెట్టి, 2018లో పార్లమెంటులో చర్చ దాకా తీసుకెళ్ళి, చివరికి 2022 హెల్త్ అండ్ కేర్ చట్టంలో పెట్టించింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఆరోగ్య, కేర్ సంస్థల్లో పనిచేసే స్టాఫ్‌కి వాళ్ళ పనికి తగ్గట్టు ఈ ట్రైనింగ్ ఇవ్వాల్సిందే. గవర్నమెంట్ తయారుచేయించిన ప్యాకేజీకి ఆ అబ్బాయి పేరే పెట్టారు. ముందు ఆన్‌లైన్ కోర్సు, ఆ తర్వాత నాలాగా నేరుగా పేషెంట్లని చూసేవాళ్ళకి ఒక రోజంతా క్లాస్.

ఆ క్లాస్‌లో ముందు ముగ్గురు నిలబడ్డారు. ఒకావిడ నడిపించే ట్రైనర్, ఒకాయనకి మేధో వైకల్యం, ఇంకో అమ్మాయికి ఆటిజం. ఆ అమ్మాయి రాగానే లైట్లలో ఒకటి ఆపేయమంది, గుయ్ మంటోందట. మాలో ఎవరికీ వినపడలేదు. ఆపేశాక గానీ, అప్పటిదాకా అది మోగుతోందని మాకు తెలియలేదు. ఆయనేమో "రేపు నాకు బ్లడ్ టెస్ట్, ఏమీ తినొద్దని నాకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు. ఇదేం పెద్ద విషయం అని ఒక సీనియర్ నర్సు లేచి "ఫాస్టింగ్‌లో రావాలి" అంది. అంటే? రాత్రి 12 తర్వాత తినకూడదు. మంచినీళ్ళు? తాగొచ్చు. టీ? వద్దు. నా ఫిట్స్ మాత్ర? ఆవిడ ఆగిపోయింది, ఎందుకంటే మాత్ర కూడా మానేసి వచ్చేవాళ్ళు నిజంగానే ఉంటారు, మాత్ర సంగతి మేమెవ్వరమూ చెప్పం. పవర్ పాయింట్‌లో ఎన్ని స్లైడ్లు వేసినా ఇది బుర్రకెక్కదు సార్.

నాకూ ట్రైనర్ అవ్వాలని అనిపించి కనుక్కున్నా. ఆల్రెడీ అప్రూవ్ అయిన ట్రైనర్ల దగ్గరే నేర్చుకోవాలి, ఇచ్చిన మెటీరియల్ సొంతంగా మార్చకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, నేను ఒక్కదాన్నే వెళ్ళి చెప్పేస్తానంటే కుదరదు, పక్కన ఆ ఇద్దరూ ఉండాల్సిందే. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు, రోజంతా స్టాఫ్‌ని వదలాలంటే మేనేజర్లు ఇక్కడా మొహం మాడ్చుకుంటారు.

మన దగ్గర సంగతి. తమ్ముడు ఒకసారి ఊరికే చెంప మీద కొట్టుకుంటుంటే అమ్మ గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది, అక్కడ "వీళ్ళు ఇంతేనమ్మా" అని నిద్రకి ఇంజక్షన్ ఇచ్చి పంపారు. వాడు పెరుగన్నం కూడా తినకపోయేసరికి అమ్మే నోరు తెరిపించి చూసింది, వెనక పన్ను దగ్గర చీము పట్టి ఉంది. వాడికి మాటలు రావు, నొప్పి అని ఇంకెలా చెప్తాడు? ఆ స్టాఫ్ చెడ్డవాళ్ళేం కాదు, అమ్మని కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇచ్చారంట, వాళ్ళకి ఎవరూ నేర్పలేదు అంతే. ఊళ్ళోనూ అంతే, మూడేళ్ళొచ్చినా మాట రాని పిల్లాడికి వస నాకించండి, వాళ్ళ నాన్నకీ లేటుగానే వచ్చాయి, ఫోన్ ఇస్తే ఇంతే అని తలో మాట, ఆశా అక్క కూడా అదే చెప్తే ఇక ఆ తల్లి ఎవరి దగ్గరికెళ్ళాలి?

కొత్త చట్టం కూడా అక్కర్లేదండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టం 47వ సెక్షన్ తీసి చూడండి, డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ స్టాఫ్, ఆశా, అంగన్‌వాడీ వర్కర్లు అందరి చదువులోనూ వైకల్యం ఒక భాగంగా ఉండాలని రాసే ఉంది. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు అయితే 1992 చట్టం ప్రకారం ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మరి అవగాహన క్లాసులు? మా వైపు నేను చూసినవాటిలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చెప్పేవాళ్ళు, ఏప్రిల్ 2న, అంటే ఆటిజం దినం రోజు, బ్లూ బెలూన్లు, ఒక ర్యాలీ, ఒక ఫొటో, థెరపీ సెంటర్ ఆయనొచ్చి సగం సేపు తన సెంటర్ గురించే చెప్పి పోవడం. దాన్ని ట్రైనింగ్ అని రిజిస్టర్‌లో రాసుకుంటే ఎవర్ని మోసం చేస్తున్నట్టు?

నేర్పేవాళ్ళు దూరంగా ఏం లేరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. ఆటిజం సర్టిఫికెట్‌కి వాడే, ఆటిజం ఎంత ఉందో కొలిచే 40 అంశాల ఐఎస్ఏఏ స్కేల్ తయారైంది అక్కడే. పక్క రాష్ట్రం అనుకోకుండా వాళ్ళతో మాట్లాడి, జిల్లాకి ఒక ముగ్గురి టీమ్‌ని అక్కడ తయారు చేయించండి. మన భాషలో, మన ఓపీ లైన్లో జరిగే ఉదాహరణలతో ఉండాలి, ఇంగ్లీషు స్లైడ్లు తెలుగులోకి దించి కాదు. మొదటి క్లాసులు వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల్లో కూర్చునే స్టాఫ్‌కి పెట్టండి, ఎందుకంటే జిల్లాలో ఈ పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ లైన్లో నిలబడాల్సిందే, ఎండలో, ఆ గోలలో గంటలు గంటలు నిలబడి, లోపలికి వెళ్ళేసరికి గట్టిగా ఏడుస్తుంటే "కంట్రోల్ చేయమ్మా" అనడం తప్ప అక్కడివాళ్ళకి ఇంకేం తెలియదు. దయచేసి ఫోన్‌లో వీడియో పంపి నెక్స్ట్ నెక్స్ట్ నొక్కించి సర్టిఫికెట్ ఇచ్చే పని మాత్రం చేయకండి, అలాంటి సర్టిఫికెట్లు ఆశాల దగ్గర ఇప్పటికే బోలెడు ఉన్నాయి.

ఆటిజం ఉన్నవాళ్ళు క్లాస్ ఏం చెప్తారు అని ఆఫీసర్లు అడుగుతారు, నాకు తెలుసు. మాటలు బాగా వచ్చినవాళ్ళు చెప్తారు, రానివాళ్ళు బొమ్మల కార్డులతో, టైప్ చేసి చెప్తారు, తయారవడానికి టైం ఇవ్వాలి, క్లాస్ మధ్యలో బయటికెళ్ళి కాసేపు తిరిగొస్తే ఏమీ అనకూడదు. శాలువా కప్పి పంపించేయకుండా మిగతా ట్రైనర్‌కి ఇచ్చేదే వాళ్ళకీ ఇవ్వండి. వాళ్ళతో ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు రావాల్సి వస్తుంది, జీవోలో ఆ తోడొచ్చే మనిషి బస్ ఛార్జీ, భోజనం ఖర్చు కూడా రాయించండి సార్, అది రాయకపోతే రెండో క్లాస్‌కి ఎవరూ రారు.

ఇట్లు,
నరసరావుపేట వైపు నుంచి వెళ్ళి ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఒక నర్సు