"కోటి రూపాయల పాము" అని రాయడం ఆపండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది సింగరాయకొండ మండలంలో సముద్రం పక్క ఊరు, అంతా ఇసక నేల, వేరుశనగ చేలు, సరుగుడు తోటలు, అందుకే రెండు తలల పాము అప్పుడప్పుడు కనపడతానే ఉంటది. ఇదివరకు దాన్ని చూసి పక్కకి తప్పుకునేవాళ్లు, ఇప్పుడు గోతం కోసం పరిగెత్తతన్నారు. ఎందుకంటే పోలీసులు ఎక్కడ ఒక ముఠాని పట్టుకున్నా పేపర్లో, టీవీలో "కోటి విలువైన పాము స్వాధీనం" అని పెద్ద హెడ్డింగ్ పెడతారు. ఆ కోటి ఎవరిచ్చారు సార్? పట్టుబడ్డవాడు చెప్పిన రేటునే అచ్చేస్తే చదివిన కూలి మనిషి నిజమే అనుకోడా?

అసలు దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుగా తలలాగే ఉంటది, అంతే. భయమేస్తే తలని చుట్టల కింద దాచుకుని తోక పైకి లేపుతది. విషం లేదు. పగలు ఇసకలో దూరి ఉంటది, రాత్రిపూట బయటికొచ్చి ఎలకల్ని చుట్టి నలిపి మింగుతది, వేరుశనగ రైతుకి ఇంతకంటే ఏం కావాలి? గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటది, ఒక కాన్పుకి పది పన్నెండు పుడితే అదే ఎక్కువ. లావుగా బరువుగా ఉండేవి ఆడవే, వీళ్లు వెతికేదీ బరువైనవాటినే, అంటే కనే తల్లులే పోతన్నాయి.

మా వీధిలో ఒకాయన పెయింట్ డబ్బాలో సగం ఇసక పోసి ఒకదాన్ని దాచాడు. రోజూ నైలాన్ సంచిలో వేసి స్ప్రింగ్ కాటాకి తగిలించేవాడు, రెండు కేజీలు దాటితే కొంటామని ఫోన్లో ఎవరో చెప్పారంట. బరువు పెరగాలని పాలు పోశాడు, పాములు పాలకి బతకవని చెప్తే వినలా. ఆ పాలు ఇసకలో పులిసి కంపు, అది బయటపడాలని మూతితో డబ్బా గోడని తవ్వీ తవ్వీ ముక్కు పుండైపోయింది పాపం. ఈలోపు ఫోన్లో వాళ్లు టెస్టింగ్ ఖర్చులు, కారు ఖర్చులు అని ఆయన దగ్గరే డబ్బులు గుంజారు. కొనే పార్టీ రాలా, పాము చచ్చింది. కేన్సర్ మందని, గుప్తనిధులు చూపిస్తదని చెప్పేదంతా, బియ్యాన్ని లాక్కుంటదని చెప్పి అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబు లాంటి మోసమే.

ఇంకో సంగతి, ఈ జాతిలోనే ఒంటి మీద మచ్చలుండే పాము ఇంకోటి ఉంది, రక్తపింజరి అనుకుని దాన్ని చంపేస్తారు. ఈ ఆశలో పడ్డవాళ్లు రక్తపింజరినే ఈ జాతి పామనుకుని చేత్తో పట్టుకుంటే ప్రాణమే పోతది.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం రెండు తలల పాముని పట్టుకోవడం, అమ్మడమే కాదు, లక్ష్మీదేవి అని ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమేనని మా పక్క చాలామందికి తెలీదు. ఫారెస్టోళ్లు రైతు సేవా కేంద్రాల దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టొచ్చు కదా. పోలీసులు కూడా ప్రెస్ మీట్లో రేటు చెప్పకుండా, ఆ ఫోన్ చేసేవాళ్లు ఎవరో పట్టుకోవాలి, ఎప్పుడూ సంచి మోసినవాడే దొరుకుతన్నాడు. మీ పేపర్‌కి నా విన్నపం ఒకటే, ఈసారి ఇలాంటి వార్త వస్తే హెడ్డింగ్‌లో రేటు తీసేసి, ఏం కేసు పెట్టారో, ఎన్నేళ్లు జైలు పడతదో వెయ్యండి.

– ఒక పాఠకుడు, సింగరాయకొండ మండలం, ప్రకాశం జిల్లా