సంచారం నేరం కాదు, వార్తల్లో ‘దేశదిమ్మరి’ మాట మానండి

సంపాదకుల వారికి నమస్కారం.

‘అనుమానాస్పదంగా సంచరిస్తున్న దేశదిమ్మరులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు’ అన్న వాక్యం జిల్లా పేజీల నేరవార్తల్లో తరచూ కనిపిస్తుంది. చివరిదాకా చదివినా వారు చేసిన తప్పేమిటో ఉండదు. ఊరి బయట గుడారం వేసుకున్నారన్నది ఒక్కటే తేలుతుంది. పనీ నెలవూ లేక తిరిగేవారిని ఇంగ్లీషు చట్టాల్లో ‘వేగ్రెంట్’ అంటారు, దానికి బదులుగా మనం ఈ ‘దేశదిమ్మరి’ అన్న మాటను వాడుతూ వచ్చాం, ఆ మాటకు అక్కడ అంటుకున్న మరక కూడా దీనితో పాటే మన భాషలోకి దిగింది.

పుట్టుకలో ‘వేగ్రెంట్’ అన్న మాటలో నిందేమీ లేదు. నడవడం, తిరుగాడడం అనే అర్థం ఉన్న ఒక పాత ఫ్రెంచి క్రియ నుంచి అది వచ్చిందనీ, ఆ క్రియ వేళ్లు జర్మానిక్ భాషల్లో ఉన్నాయనీ, లాటిన్‌లో తిరగడాన్ని చెప్పే ‘వగారి’ ప్రభావంతో దాని రూపం మారిందనీ నిఘంటుకారులు చెబుతారు. దానికి నేరం అంటగట్టింది ఇంగ్లండు చట్టసభ. పనిలేక తిరిగేవారి రొమ్ము మీద ‘వీ’ అక్షరం వాత పెట్టి రెండేళ్లు బానిసలుగా అప్పగించవచ్చని 1547లో చట్టం చేశారు. అది మూడేళ్లు కూడా నిలవలేదు. 1824 చట్టమైతే, ఆరుబయట పడుకుని తన గురించి సరైన సంజాయిషీ చెప్పుకోలేకపోవడాన్నే శిక్షార్హం చేసింది. ఇప్పుడు ఆ మాట నిర్దోషిగా మిగిలింది పక్షులను పరిశీలించేవారి దగ్గరే. దారి తప్పి కొత్త ప్రాంతంలో వాలిన పిట్టను వారు వేగ్రెంట్ అంటారు, దాని మీద కేసు పెట్టరు.

మన దేశంలో 1874లో వచ్చిన వేగ్రెన్సీ చట్టం, విచిత్రంగా, ఉపాధి లేక తిరిగే ఐరోపా సంతతి వారికి మాత్రమే వర్తించేది. దేశీయ సంచారుల సంగతి అంతకు ముందే, కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం చూసుకుంది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద మెట్ట ప్రాంతాలకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చుకున్న ఎరుకలకు రైలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. బతుకుతెరువు పోగొట్టుకున్నవారిని ఆదుకోవలసిన ప్రభుత్వం ఆ చట్టం కింద వారి పేర్లు రిజిస్టరుకెక్కించి, బాపట్ల దగ్గరి స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో, అంటే నిఘా ఉండే కాలనీల్లో పెట్టి, పాసు లేనిదే బయట అడుగు పెట్టనివ్వలేదు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది.

జీవనాధారం కనిపించనివారిని, సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వలేనివారిని మంచి నడవడికకు జామీను కట్టమనే నిబంధన 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 109వ సెక్షన్‌లో ఉండేది. 1973 కోడ్‌లో ఆ భాగాన్ని తీసివేశారు. పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనల్లో మాత్రం, సంచార తెగలవారికి పారిపోయే స్వభావం సహజమనే రాత 2024 దాకా ఉండిపోయింది. అలాంటి నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం వదిలేసిన అనుమానాన్ని పత్రికలు ఇంకా పట్టుకుని ఉండడం నాకు న్యాయంగా తోచదు.

గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, పూసలవారు తిరుగుతున్నారంటే అది వారి వృత్తి. సంక్రాంతి అనుబంధానికి గంగిరెద్దు ఫొటో కావాలి, దాని వెనుక సన్నాయి పట్టుకున్న మనిషి పండగ దాటాక అనుమానితుడవుతాడు. పోలీసుల ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చువేయకుండా, ఆరోపణ ఏమిటో విలేకరి అడిగి రాయాలి. ఆరోపణ లేకపోతే ఆ వార్త వేయనక్కరలేదు. నేరంతో సంబంధం లేనప్పుడు కులం, తెగ పేర్లు ఇవ్వవద్దు. ‘దేశదిమ్మరి’ని మీ డెస్కు వాడుక నుంచి తొలగించి, అవసరమైన చోట ‘సంచార వృత్తులవారు’ అని రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బాపట్ల